పెట్టెలు సరే, వానాకాలం ఎవరు దాటిస్తారు?

మొన్న మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరో పేపర్ జిల్లా పేజీ కటింగ్ పెట్టారు. షామియానా కింద వరసగా తేనె పెట్టెలు, వాటి వెనకాల నిలబడ్డ లబ్ధిదారులు, ముందు కుర్చీల్లో పెద్దలు. పెట్టెలకి పెయింటు తడి కూడా ఆరినట్టు లేదు. నిరుద్యోగులకి, డ్వాక్రా మహిళలకి అదనపు ఆదాయం అని కింద వార్త. గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. నాకు ఒళ్లు మండింది. ఎందుకో రెండు ముక్కలు అక్కడే రాస్తే, "నీకు ప్రతిదాంట్లోనూ బొక్కలే కనిపిస్తాయి" అని మా చిన్నాన్న తేల్చేశాడు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నేననేది ఇంతే. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు తేనెటీగల పెంపకానికి పెట్టే డబ్బు పెట్టెల మీద పోస్తే దండగ. వానాకాలం మూడు నాలుగు నెలలూ ఈగల్ని బతికించే మనిషికి ఆ డబ్బు ఇవ్వాలి. అలాంటి మనిషిని కొత్తగా తయారు చెయ్యక్కర్లేదు, ఊళ్లోనే ఉన్నాడు, ఇరవై ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్నాడు. ఏ జాబితాలోనూ అతని పేరుండదు, ఎందుకంటే అతని దగ్గర పెట్టెలు ముందే ఉన్నాయి కాబట్టి "కొత్త లబ్ధిదారు" కిందకి రాడు.

పథకాలు లేవని కాదు. ఖాదీ కమిషన్ వాళ్ల హనీ మిషన్ 2017లో మొదలైంది. 2020లో కరోనా ప్యాకేజీలో తేనెటీగల పెంపకానికి 500 కోట్లు ప్రకటించారు. డబ్బు ఉంది, శిక్షణ ఉంది, సర్టిఫికెట్టు కూడా ఉంది. కానీ బొబ్బిలి వైపు ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, విడిదింటి పెరట్లో సర్కారు అంకె వేసిన తేనె పెట్టె మూత తీసి చూస్తే లోపల కోడి పొదుగుతోంది. ఆ ఇల్లాలు ఏమాత్రం మొహమాటపడకుండా, "ఈగలు ఆషాఢంలోనే ఎల్లిపోనాయి బాబూ. పెట్టె మాత్రం గట్టిదే" అంది. ఆవిడని తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. పెట్టె ఇచ్చి తేనె తీసుకోమనడం, కుడితి తొట్టి ఇచ్చి పాలు పితుక్కోమన్నట్టే.

మార్చిలో వచ్చే పెట్టె

మన వైపు ఈగల ఏడాది ఎలా నడుస్తుందో ఒకసారి చూడండి. సంక్రాంతికి అటూ ఇటూ మామిడి పూత, ఆ వెంటనే జీడి పూత. వరి కోసేసిన మడుల్లో మినుము, పెసర. తర్వాత తాటి, నేరేడు, వేప, ఎండలు ముదిరాక కానుగ, చింత. ఇంత వరకూ ఈగలకి పండగే. తొలకరి పడిందా, అయిపోయింది.

ఊరంతా పచ్చగా ఉంటే ఈగలకి తిండి లేకపోవడమేంటి అని పట్నం నుంచి వచ్చినవాళ్లు అడుగుతారు. నాట్లు పడ్డ మడి ఎంత పచ్చగా ఉన్నా అందులో ఈగకి చుక్క మకరందం దొరకదు. మొక్కజొన్న పుప్పొడి ఇస్తుంది, అంతే. చేల గట్ల మీద పూసిన నాలుగు పూలనీ వాన కడిగేస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో ఈగ అసలు గడప దాటదు. లోపల దాచుకున్నది తినడమే, ఆ దాచుకున్నదేమో వేసవిలో మనం పిండేసి ఉంటాం.

పైగా మన దేశవాళీ ఈగది ఆత్మాభిమానం ఎక్కువ. పుట్టల్లోనూ చెట్టు తొర్రల్లోనూ కాపురం ఉండే జాతి అది. తిండి తగ్గినా, చీమలు ఎక్కినా, పట్టుల్లో మైనం పురుగు చేరినా రాణితో సహా లేచి వెళ్లిపోతుంది. ముందు రోజు సాయంత్రం ఉన్న ఈగలు మర్నాడు పది గంటలకి ఉండవు.

ఇప్పుడు పంపిణీ ఎప్పుడు జరుగుతుందో చూడండి. నేను చూసినవి దాదాపు అన్నీ ఫిబ్రవరి ఆఖర్లోనో మార్చిలోనో. బడ్జెట్టు మురిగిపోకుండా ఖర్చు పెట్టాలి కదా. అంటే కొత్తగా నేర్చుకునేవాడి చేతికి పెట్టె వచ్చేసరికి జీడి పూత సగం అయిపోయి ఉంటుంది. అతను ఈగ కుట్టుడికి అలవాటుపడి, రాణి ఏదో పోతు ఈగ ఏదో గుర్తుపట్టడం నేర్చుకునేసరికి జ్యేష్ఠం. ఆ తర్వాత పూల కరువు. దినదినం పలచబడే పెట్టెని చూసి, ఏం చెయ్యాలో తోచక, ఎవరిని అడగాలో తెలియక ఊరుకుంటాడు. వినాయక చవితి నాటికి పెట్టె ఖాళీ. ఇందులో అతని సోమరితనం ఏమీ లేదు.

వచ్చే జీడి పూతకి కావలసిన ఈగలు కూడా వానాకాలంలోనే ఖాయమవుతాయి. గుడ్డు నుంచి ఈగ బయటికి రావడానికి సుమారు మూడు వారాలు, అది పూల మీదికి వెళ్లే వయసుకి రావడానికి ఇంకో రెండు మూడు వారాలు. జనవరిలో పూత మీద గుంపులుగా పని చేసే ఈగల గుడ్లు కార్తీకంలో, మార్గశిరంలో పడాలి. భాద్రపదంలో చేరెడు ఈగలతో నీరసించిన పెట్టెలో అన్నన్ని గుడ్లు పెట్టే ఓపిక ఏ రాణికీ ఉండదు.

కొబ్బరి చిప్పలో పాకం

మందస వైపు మాకు వరసకి మావయ్య ఒకాయన ఉన్నాడు. ఉద్దానంలో జీడితోటల మధ్య పెట్టెలు పెట్టుకుని బతికేవాళ్లలో నాకు తెలిసిన పాత మనిషి ఆయన. ఒక శ్రావణంలో, వాన తెరిపిచ్చిన సాయంత్రం ఆయన వెనకాల తిరిగాను.

ముందు ఆయన పెట్టె మూత తియ్యలేదు. ఒక్కో పెట్టె వెనక్కి వెళ్లి, ఒక చేత్తో అడుగు పట్టుకుని రెండు వేళ్ల మందం పైకి లేపి దించేశాడు. బరువు చూస్తున్నాడు. ఏది ఆకలితో ఉందో దానితోనే తెలిసిపోతుందట. తర్వాత అడుగు పలక మీద వేలు పెట్టి రాసి, వేలికంటిన పొట్టు వెలుతురులో చూశాడు. సన్నటి మైనం పొడి అయితే పరవాలేదు, అందులో నల్లటి గింజల్లాంటివి కనిపిస్తే మైనం పురుగు దిగినట్టు. స్టాండు కాళ్ల కింద గిన్నెల్లో వాన నీళ్లు నిండి పాత ఇంజనాయిలు పొర్లిపోయి ఉంటే మళ్లీ పోశాడు, లేకపోతే రాత్రికి చీమలు ఎక్కేస్తాయి.

చీకటి పడే ముందు పాకం. పంచదార ఎంతో నీళ్లు అంతే, కాచి చల్లార్చింది. కొబ్బరి చిప్పలో పోసి, ఈగలు మునిగిపోకుండా నాలుగు ఎండు పుల్లలు వేసి, చట్రాల మీద పెట్టి మూత వేశాడు. ఈగలు వచ్చిపోయే పెట్టె గుమ్మాన్ని కొబ్బరి పీచుతో సగం మూశాడు. నేను పట్టుకున్న గిన్నె నుంచి రెండు చుక్కలు పెట్టె మీద పడ్డాయి, వెంటనే తడిగుడ్డతో తుడిచేసి, "పగలు పెట్టినా, సుక్క కింద పడినా పక్క పెట్టెల ఈగలు దొంగతనానికొత్తాయి అల్లుడూ. తెల్లారేసరికి కొట్టుకు సచ్చిపోతాయి" అన్నాడు. కరువు రోజుల్లో ఈగలు పక్క గూళ్లు దోచుకోవడం కొత్తవాళ్లు పుస్తకంలో చదువుతారు. ఎప్పుడు జరగబోతోందో గుమ్మం దగ్గర ఈగలు తచ్చాడే తీరు చూసి చెప్పాలంటే మావయ్యలాంటివాడే కావాలి.

ఇప్పుడు లెక్క వేయండి. కరువు నెలల్లో దేశవాళీ ఈగల పెట్టెకి వారానికి 200 గ్రాముల పంచదార చాలని వ్యవసాయ పుస్తకాలూ చెప్తాయి, మావయ్యా దాదాపు అంతే వాడతాడు. నాలుగు నెలలకి మూడు కిలోల పైచిలుకు. ఖర్చు వంద, నూటయాభై. పెట్టె ఖరీదు వేలల్లో. అంటే ఈగలు పోతున్నది పంచదార కొనలేక కాదు. వారం వారం, వానలో, ఏ ఆదాయమూ లేని నెలల్లో, పెట్టె లేపి చూసి ఏది పెట్టాలో ఏది పెట్టకూడదో తెలిసిన మనిషి లేక. ఖరీదైంది ఆ మనిషి పొద్దు. దానికే ఎవరూ పైసా ఇవ్వడం లేదు.

పేపర్ ఫొటోల గురించి చెప్తే మావయ్య నవ్వాడు. "శ్రావణ మాసంలో వచ్చి ఫొటో తియ్యమనవోయ్. అప్పుడెన్ని ఉన్నాయో ఎంచుదుం."

పంచదార పెడితే కల్తీ కాదా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. నేను పాకం సంగతి మా ఆఫీసులో చెప్పగానే ఒకాయన, "అదీ సంగతి, అందుకే మీ తేనె గడ్డ కడుతుంది" అన్నాడు. గడ్డ కట్టడానికీ కల్తీకీ సంబంధం లేదండీ. గ్లూకోజు ఎక్కువున్న తేనె చల్లబడితే పేరుకుంటుంది, అది స్వభావం. కుక్క నాకదని, కాగితం మీద వేస్తే పీల్చదని, అగ్గిపుల్ల ముంచి గీస్తే వెలుగుతుందని మనం చేసే పరీక్షలేవీ మంచి తేనెని మంచిదని చెప్పలేవు.

2020 డిసెంబర్లో ఢిల్లీలోని సీఎస్ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) అనే పర్యావరణ సంస్థ వాళ్లు పదమూడు బ్రాండ్ల తేనె పరీక్ష చేయిస్తే, 22 నమూనాల్లో అన్ని పరీక్షలూ నెగ్గినవి ఐదే. అందులో నాకు ఆసక్తిగా అనిపించిన విషయం వేరే. చెరకు, మొక్కజొన్న ఒక రకం మొక్కలు, వాటి చక్కెరని ఐసోటోపు పరీక్ష తేలిగ్గా పట్టేస్తుంది. అందుకే పెద్ద ఎత్తున కల్తీ చేసేవాళ్లు వరి లాంటి మొక్కల నుంచి చేసిన సిరప్పుల వైపు మళ్లారు. అంటే సంతలో కొన్న చెరకు పంచదార తేనెలో కలిపేవాడు ఈ రోజుల్లో అందరికన్నా ముందు దొరికిపోయే అమాయకుడు.

అయినా శ్రావణంలో పెట్టిన పాకం జనవరి తేనెలో ఎందుకు ఉంటుంది? అప్పుడు పెట్టెలో పైన తేనె దాచే అర ఉండదు, కింద పిల్లల్ని పెంచే అర ఒక్కటే. పెట్టింది పెట్టినట్టు ఈగలు తినేస్తాయి, పిల్లలకి పెట్టుకుంటాయి. పూత మొదలయ్యే ముందే పాకం ఆపెయ్యాలి, తేనె అర ఎక్కించాక చుక్క కూడా పెట్టకూడదు. ఈ గీత దాటేవాళ్లు లేరా? ఉన్నారు. ధర పలికే రోజుల్లో పూతలో కూడా పాకం పెట్టి డ్రమ్ములు నింపేవాళ్లు ఉన్నారు, పాత పెంపకందార్లలోనూ ఉన్నారు. దాన్ని నేను సమర్థించను. కానీ కొనేవాళ్ల అనుమానం వల్ల, వానాకాలంలో పాకం పెడుతున్నానని పైకి చెప్పుకోలేని పరిస్థితి నిజాయితీపరులకి వచ్చింది. చెప్పుకోలేనిదాన్ని కొత్తవాళ్లకి నేర్పేదెలా?

పాత చేతులు

1991, 92 ప్రాంతాల్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణాది అంతా దేశవాళీ ఈగల్ని ఊడ్చేసింది. పిల్ల పురుగు అరలోనే నీటి తిత్తిలా ఉబ్బి, తల పైకెత్తి చచ్చిపోతుంది. పెద్ద ఈగలకి ఏమీ కాదు, కొత్తవి పుట్టక పెట్టె ఖాళీ అవుతుంది. మందు లేదు, ఇప్పటికీ లేదు. అప్పట్లో చాలామంది పెట్టెలు పొయ్యిలో పెట్టుకున్నారు. కొందరు మాత్రం పోగా మిగిలిన ఒకటీ అరా గూళ్లని, అడవిలో తెగులు తట్టుకున్న పుట్టల్ని వెతికి, పిల్లల పట్టు కోసి అరటి నారతో చట్రానికి కట్టి, రాణిని అగ్గిపెట్టెలో తెచ్చి మళ్లీ మొదలుపెట్టారు. అలా మొదలుపెట్టినవాళ్ల చేతుల మీదుగానే మన దగ్గర ఈ పని ఇంకా మిగిలింది.

ఆ తర్వాత మాకు తిత్లీ తుపాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు, జీడి చెట్లు వేర్లతో లేచిపోయాయని అందరూ రాశారు. ఈగల సంగతి మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. కొబ్బరి ఏడాది పొడుగునా గెల వేస్తూనే ఉంటుంది కాబట్టి, వానాకాలంలో కూడా ఉద్దానం ఈగలకి కాస్త పుప్పొడి, కాస్త మకరందం దొరికేవి. గజపతినగరం మామిడితోటల్లో పెట్టెలున్నవాళ్లు శ్రావణంలో పాకం పెడుతుంటే మావయ్యకి ఒకప్పుడు ఆ పని పెద్దగా ఉండేది కాదు. తిత్లీ తర్వాత ఆయనకీ తప్పలేదు. నాటిన కొబ్బరి మొక్క మళ్లీ గెల వెయ్యడానికి ఏళ్లు పడుతుంది. నష్టపరిహారం లెక్కల్లో చెట్లకి గడి ఉంది, ఈగలకి ఎక్కడిది?

ఇలా రాస్తుంటే పాత పెంపకందార్లందరూ మహానుభావులు అన్నట్టు వస్తోంది. కాదు. చాలామంది గుట్టు చెప్పరు. నల్లబడిపోయిన పాత పట్టులు ఏళ్ల తరబడి మార్చరు, మైనం పురుగుకి అవే ఇష్టం. ఈగలు లేచిపోతే దిష్టి అంటారు. కాగితం మీద ఒక్క ముక్క రాసుకోరు. మావయ్య పెట్టెల్లో సగం నిజానికి ఆయన కోడలు చూస్తుంది, రాణిని ఆయనకన్నా ముందు కనిపెడుతుంది. ఎవరైనా వచ్చి పేరు అడిగితే మాత్రం ఇంట్లో అందరూ, ఆవిడతో సహా, ఆయన పేరే చెప్తారు. కాబట్టి నేను చెప్పే డబ్బు ఇంటి పెద్దకి కాదు, మూత తీసే చేతికి అందాలి.

సరే, ఎలా ఇస్తావు?

మా చిన్నాన్న అడిగిన ప్రశ్న ఇదే, న్యాయమైనదే. నేననుకునేది ఏమిటంటే, ఊళ్లో పది మంది కొత్తవాళ్లకి పెట్టెలు ఇచ్చినప్పుడు, జూలై నుంచి అక్టోబర్ దాకా వారానికో పూట ఆ పెట్టెలన్నీ చూసి, కొత్తవాళ్ల చేతే పాకం పెట్టించే ఒక పాత మనిషికి కనీసం ఉపాధి హామీ కూలి లెక్కన ఇవ్వాలి. అక్టోబర్ నెలాఖర్లో మూతలు తీసి చూడాలి. అరల్లో గుడ్లు ఉంటే పెట్టె బతికినట్టు. రాణి పెట్టే గుడ్లకి దొంగ బిల్లు పెట్టలేరు. ఆ బతికిన పెట్టెల్ని బట్టి ఇంకొంత. ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాలు దగ్గరే ఉన్నాయి, నైరా వ్యవసాయ కళాశాల పిల్లలు ఉన్నారు. తనిఖీకి మనుషులు దొరకకపోరు.

మోసం జరగదా అంటే జరుగుతుంది. ఒకే గేదెని రెండు బ్యాంకులకి చూపించిన ఊళ్లు మనవి. పక్కింటి పెట్టె రాత్రికి రాత్రి తెచ్చి చూపించేవాడు ఉంటాడు. అయినా, ఖాళీ పెట్టెకి వేలు పోసే పద్ధతి కన్నా అది చిన్న మోసమే అనిపిస్తుంది నాకు. కనీసం ఆ ఊళ్లో ఎక్కడో ఒక బతికిన పెట్టె ఉండాలి కదా.

ఇటలీ ఈగల్ని పెట్టుకోవచ్చు కదా అని ఇంకొకరు. 1960ల్లో పంజాబ్, హిమాచల్ వైపు నుంచి మొదలై దేశమంతా పాకిన ఆ జాతి అంత తేలిగ్గా లేచిపోదు, తేనె కూడా ఎక్కువే. మన ఈగ ఏడాదికి ఐదు పది కిలోలిస్తే అది ముప్పై ఇవ్వగలదు. కానీ దానికి తిండి కూడా అంతే కావాలి, లారీల మీద పూత వెంట ఊరూరూ తిప్పాలి, ఈగల ఒంటికి పట్టే వరోవా నల్లికి వైద్యం చెయ్యాలి. అరెకరం జీడి, పాతిక సెంట్ల కొబ్బరి ఉన్నవాడికి అది మొయ్యలేని బరువు. పెట్టుబడి, లారీ ఉన్నవాళ్లు చేసుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇంకోటి ఉంది. వానాకాలం దాటించాం సరే, జనవరిలో పురుగుమందు సంగతేంటి? జీడికి టీ దోమ అనే రసం పీల్చే పురుగు పడుతుంది. చిగురు వేసేటప్పుడు, పూతలో, పిందెలో కొట్టమని సిఫార్సు. పూతలో కొట్టకపోతే రెమ్మలు మాడిపోతాయి, రైతుని తప్పు పట్టలేం. మరోవైపు జీడి పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి సరిగా ఎగరదు, దాన్ని మొయ్యడానికి ఈగో చీమో రావాలి. రైతుకి ఈగ వల్ల లాభమే, కానీ మా వైపు తోటలో చోటిచ్చినందుకు పెంపకందారే రైతుకి సీసా తేనె ఇస్తాడు. ఎదురు ఇచ్చిన రైతుని నేను చూడలేదు.

సాయంత్రం పూట కొడితే చాలావరకు నయం, అప్పటికి ఈగలు గూటికి చేరతాయి. అదే మాట పక్క తోట రైతుతో అంటే, మందు కొట్టే కుర్రాడు పొద్దున్నే దొరుకుతాడు, సాయంత్రం తాగేసి ఉంటాడు అన్నాడు. పోయిన పూతకి మావయ్య కొత్త బేరం పెట్టాడు: కొట్టే ముందు రోజు ఒక్క ఫోన్ చెయ్యండి, రాత్రికి గుమ్మాలు మూసి తడి గోనె కప్పుకుంటాను అని. కొందరు చేశారు. ఒకాయన కొట్టడం అయిపోయాక చేశాడు.